తిరుగుబాట్ల వెనక విదేశీ హస్తం ఎంత, ఫోన్ ఎంత? (ఈజిప్టు, లిబియా నుంచి నేపాల్ దాకా)

విశాఖ కెరటం
14 సెప్టెంబర్ 2025, రాత్రి 9:12

వారం రోజులుగా మా వాట్సాప్ గ్రూపుల్లో రెండే రకాల మెసేజ్‌లు తిరుగుతున్నాయి. మొదటిది: “నేపాల్‌లో జరిగిందంతా అమెరికా ఆడించిన ఆట. మొన్న శ్రీలంక, నిన్న బంగ్లాదేశ్, ఇవాళ నేపాల్, రేపు మనం.” రెండోది: “చూశారా యూత్ పవర్, ఇన్‌స్టాగ్రామ్‌తో ప్రభుత్వాన్నే కూల్చేశారు.” ఒక్కోసారి రెండూ ఫార్వర్డ్ చేసేది ఒకే మనిషి, అదీ ఒకే రోజు.

నాకు రెండూ మింగుడు పడట్లేదు. సెప్టెంబర్ 4న నేపాల్ ప్రధాని ఓలీ ప్రభుత్వం 26 సోషల్ మీడియా సైట్లను ఆపేసింది. 8న కాఠ్మాండూలో కుర్రకారు రోడ్డెక్కారు. ఆ ఒక్కరోజే 19 మంది చనిపోయారు. 9న ప్రధాని రాజీనామా చేశాడు, ప్రభుత్వ కార్యాలయాలుండే సింఘదర్బార్‌ తగలబడింది. 12న తాత్కాలిక ప్రధానిగా సుశీలా కార్కీ ప్రమాణస్వీకారం. ఇంత వేగం చూస్తే ఎవరికైనా అనుమానం వస్తుంది. కానీ అనుమానం వేరు, ఆధారం వేరు కదా.

2011లో ఈజిప్టు, లిబియా అప్పుడూ ఇదే గొడవ. నేను ఇంజినీరింగ్ సెకండియర్‌లో ఉన్నాను. “ఫేస్‌బుక్ విప్లవం” అంటూ హాస్టల్లో అందరం ప్రొఫైల్ ఫోటోలు మార్చేశాం. పద్నాలుగేళ్ల తర్వాత చూస్తే అప్పుడు చెప్పినవాటిలో ఏది నిలబడింది, ఏది తేలిపోయింది? తెలిసినవాళ్లు రాయండి. లింకులు పడేసి వెళ్లిపోకండి, మీ మాటల్లో రాయండి.

టూల్‌కిట్ ట్రాకర్
14 సెప్టెంబర్, రాత్రి 9:31

ఇందులో చర్చ ఏముందన్నా. 1953లో ఇరాన్‌లో ప్రధాని మొసాదెగ్‌ను దింపింది తామేనని సీఐఏ పత్రాలే చెప్పాయి, 2013లో బయటికొచ్చాయి. 2000లో సెర్బియాలో పాలకుడు మిలోసెవిచ్‌ను దించిన ఒట్‌పోర్‌ అనే యువ ఉద్యమం కుర్రాళ్లకు అమెరికా డబ్బు అందింది. తర్వాత వాళ్లలో కొందరు బెల్‌గ్రేడ్‌లో సంస్థ పెట్టి ఊరూరి ఉద్యమకారులకు పాఠాలు చెప్పారు. ఈజిప్టు ‘ఏప్రిల్ 6’ ఉద్యమం మనిషి 2009లో అక్కడికెళ్లి నేర్చుకొచ్చాడు. క్యూబా కోసమైతే అమెరికా సాయం సంస్థ యూఎస్‌ఎయిడ్ జున్‌జునియో అని ట్విట్టర్‌ లాంటి సర్వీసే గుట్టుగా నడిపింది. 2014లో అసోసియేటెడ్ ప్రెస్ బయటపెట్టింది. ఇవేవీ వాట్సాప్ కబుర్లు కావు. ఇంత చరిత్ర ఉన్నవాళ్లు నేపాల్ విషయంలో మాత్రం చేతులు కట్టుకుని కూర్చున్నారంటే నమ్మమంటారా?

రైల్వే న్యూ కాలనీ
14 సెప్టెంబర్, రాత్రి 9:35

కుర్చీ వేసుకుని కూర్చున్నా. కానివ్వండి.

ఓరుగల్లు స్వాతి
14 సెప్టెంబర్, రాత్రి 9:58

ట్రాకర్ గారూ, మీరు చెప్పినవన్నీ జరిగినవే, నేను కాదనను. కానీ జున్‌జునియో కథ సగంలో ఆపేశారు. పాటలు, ఫుట్‌బాల్ వార్తలు, తుపాను కబుర్లతో ముందు జనాన్ని పోగేసి, తర్వాత మెల్లగా రాజకీయం ఎక్కిద్దామన్నది వాళ్ల ప్లాన్. ఓ నలభై వేల మంది చేరారు. 2012లో డబ్బు ఆగిపోయింది, దుకాణం మూసేశారు. హవానాలో ఒక్క ఊరేగింపు కూడా లేవలేదు. అంటే ప్రయత్నం చేశారనడానికి అది సాక్ష్యం. ప్రయత్నిస్తే విప్లవం వచ్చి తీరుతుందనడానికి కాదు.

ఇంకో మాట. 2011 మార్చి 10న మేం ట్యాంక్‌బండ్ మీద మిలియన్ మార్చ్ చేశాం. అంతకు నెల ముందు ఈజిప్టు రాజధాని కైరో కూడలి తహ్రీర్‌లో జరిగింది టీవీలో చూసినవాళ్లమే అందరం. ఆ పిలుపు మీద తహ్రీర్ నీడ ఉందని ఎవరూ దాచలేదు కూడా. దారి పొడవునా బారికేడ్లు, ఎక్కడికక్కడ అరెస్టులు. అయినా జనం వచ్చారు. నా దగ్గర అప్పుడు చిన్న నోకియా ఫోన్. మమ్మల్ని కైరో నుంచి ఎవరన్నా నడిపించారా? పక్కింటివాణ్ణి చూసి ధైర్యం తెచ్చుకోవడం ఒకటి, పక్కింటివాడు మనల్ని తోలడం ఇంకొకటి.

టూల్‌కిట్ ట్రాకర్
14 సెప్టెంబర్, రాత్రి 10:04

తెలంగాణ ఉద్యమాన్ని ఇందులోకి లాగొద్దు మేడం. దానికి అరవై ఏళ్ల చరిత్ర ఉంది.

ఓరుగల్లు స్వాతి
14 సెప్టెంబర్, రాత్రి 10:06

నేనూ అదే అంటున్నా. వాళ్లకీ ఉంటుంది కదా ఒక చరిత్ర. మన కోపానికి కారణాలుంటాయి, పక్క దేశం వాడి కోపానికి స్పాన్సర్ ఉంటాడా?

పాత పేపర్
14 సెప్టెంబర్, రాత్రి 10:47

నేను 2011లో ఒక పత్రికలో అంతర్జాతీయ పేజీ చూసేవాణ్ణి. రాత్రి షిఫ్టు, ఏజెన్సీ కాపీలన్నీ మీద పడేవి. ఈజిప్టు గురించి కాస్త వివరంగా రాస్తాను.

“మనమందరం ఖాలిద్ సయీద్” అనే ఫేస్‌బుక్ పేజీ గురించి అందరికీ తెలుసు. 2010 జూన్‌లో అలెగ్జాండ్రియాలో పోలీసులు కొట్టి చంపిన యువకుడి పేరు మీద పెట్టారు. గూగుల్ ఉద్యోగి వాయెల్ ఘొనిమ్ నడిపాడు. జనవరి 25న రోడ్డెక్కుదామన్న పిలుపు అక్కడినుంచే ఊరంతా పాకింది. ఇంతవరకూ ఫేస్‌బుక్ కథ.

ఎక్కువ మంది పట్టించుకోని భాగం వేరే ఉంది. నిరసనలు ఎక్కడెక్కడ మొదలవుతాయో కార్యకర్తలు ఆన్‌లైన్‌లో బాహాటంగా ప్రకటించారు, ఇరవై చోట్లు. పోలీసులు చక్కగా ఆ ఇరవై చోట్లా మోహరించారు. ఇరవై ఒకటో చోటు ఎక్కడా రాయలేదు, ఫోన్లో మాట్లాడుకోలేదు. అది బులాక్ అల్ దక్రూర్, కూలీనాలీ చేసుకునే జనం ఉండే పేట. ఒక మిఠాయి దుకాణం దగ్గర చిన్న చిన్న గుంపులుగా కలిశారు. సన్న సందుల గుండా నడుస్తూ, మేడల మీద ఉన్నవాళ్లను కిందికి పిలుస్తూ, వందల మంది వేలు అయ్యారు. పోలీసు వలయాలు దాటి ముందుగా తహ్రీర్ చేరింది ఆ ఊరేగింపే. ఫేస్‌బుక్ అక్కడ పోలీసులకు వేసిన ఎర. అసలు పని నోటి మాటతో జరిగింది.

మూడు రోజులకి, 27 అర్ధరాత్రి దాటాక, అధ్యక్షుడు ముబారక్ ప్రభుత్వం దేశం మొత్తానికి ఇంటర్నెట్ ఆపేసింది. మర్నాడు మొబైళ్లు కూడా మూగబోయాయి. ఫోనే విప్లవం అయితే ఆ శుక్రవారం రోడ్లు ఖాళీగా ఉండాలి. కానీ అప్పటిదాకా లేనంత జనం ఆ రోజే వచ్చారు. ఇంట్లో కూర్చుని స్క్రీన్ చూసేవాడికి చూడ్డానికి ఏమీ లేదు, కొడుకు ఎక్కడున్నాడో తెలియక తల్లిదండ్రులూ వీధిలోకి వచ్చారు. నెట్ తిరిగి వచ్చింది ఫిబ్రవరి 2న, ముబారక్ దిగింది 11న.

ఇక విదేశీ హస్తం. ఉంది, లేకేం. ఏడాదికి 130 కోట్ల డాలర్ల అమెరికా సైనిక సాయం ఈజిప్టుకి వెళ్లేది. ఆ చెయ్యి ముబారక్ భుజం మీద ఉండేది. జనవరి 25నే అమెరికా విదేశాంగ మంత్రి హిల్లరీ క్లింటన్ ఈజిప్టు ప్రభుత్వం స్థిరంగా ఉందని తమ అంచనా అని చెప్పింది. తహ్రీర్‌లో కుర్రాళ్లు ఏరుకున్న టియర్ గ్యాస్ డబ్బాల మీద ‘మేడిన్ యూఎస్‌ఏ’ అని ఉంది. ట్రాకర్ గారి బెల్‌గ్రేడ్ పాఠాల కంటే ఈ డబ్బాలే నాకు గట్టి ఆధారంగా కనిపిస్తాయి.

సీతాఫల్‌మండి ఎక్స్‌ప్రెస్
14 సెప్టెంబర్, రాత్రి 11:15

పాత పేపర్ సార్, బాగా చెప్పారు. కానీ సోషల్ మీడియాని మరీ అంత తీసిపారేస్తే ఎలా? ట్యునీషియా చూడండి. 2010 డిసెంబర్ 17న సీదీ బూజీద్‌లో బండి మీద పండ్లమ్ముకునే మొహమ్మద్ బూఅజీజీ ఒంటికి నిప్పంటించుకున్నాడు. 2008లో అదే దేశంలో గఫ్సా గనుల ప్రాంతంలో నెలల తరబడి ఆందోళన జరిగింది. పోలీసులు చుట్టుముట్టి అణిచేశారు, బయటి ప్రపంచానికి సరిగా తెలియనే లేదు. 2010లో మాత్రం జనం ఫోన్లతో తీసిన వీడియోలు ఫేస్‌బుక్‌లోకి, అక్కడినుంచి అల్ జజీరాలోకి వెళ్లాయి. నాలుగు వారాల్లో, జనవరి 14న, అధ్యక్షుడు బెన్ అలీ దేశం వదిలి విమానమెక్కాడు. రెండేళ్ల తేడాలో మారిందేమిటి మరి?

మారింది అదొక్కటే అనను. యూజీటీటీ కార్మిక సంఘం జిల్లా శాఖలు సమ్మెలకు దిగకపోతే వీడియోలు వీడియోలుగానే ఉండిపోయేవి. కానీ వీడియోలు లేకపోతే అది ఇంకో గఫ్సా అయ్యేది.

పాత పేపర్
14 సెప్టెంబర్, రాత్రి 11:29

ఒప్పుకుంటాను. అయితే మీరు మధ్యలో అల్ జజీరా అన్నారు, దాన్ని మర్చిపోకండి. దాని ఓనరు కతార్. ఆ సంగతి లిబియా దగ్గర అవసరమవుతుంది. రేపు రాస్తాను, ఇప్పుడు కళ్లు మూతపడుతున్నాయి.

కువైట్ కడప
15 సెప్టెంబర్, తెల్లవారుజాము 4:50

డ్యూటీకి పోతా రాస్తున్నా. మా క్యాంపులో నేపాలోళ్లు చాలామంది ఉన్నారు. వాళ్ల ప్రభుత్వం యాప్‌లు ఆపిన రోజు వాళ్లకు రాజకీయం గుర్తుకు రాలేదు. పెళ్లాం బిడ్డలతో మాట్లాడే వాట్సాప్, మెసెంజర్ పోయాయి. ఆ దేశానికి వచ్చే ఆదాయంలో నాలుగో వంతుకు పైగా బయట పనిచేసేవాళ్లు పంపే డబ్బే. వాళ్ల గొంతు నొక్కితే ఊళ్లో తల్లికి కోపం రాదా? పక్క బెడ్ అతను వీపీఎన్ పెట్టించుకోను నా దగ్గరికే వచ్చినాడు. పైగా అంతకు ముందునుంచే మంత్రుల పిల్లల కార్లు, బ్యాగులు, టూర్ల ఫోటోలు ‘నెపో కిడ్’ అని తిరుగుతా ఉన్నాయి. ఎండలో పనిచేసి డబ్బు పంపేవాడు అది చూసినాక వాడికి సీఐఏ వచ్చి చెప్పాల్నా?

టూల్‌కిట్ ట్రాకర్
15 సెప్టెంబర్, ఉదయం 8:10

కడప అన్నా, కోపం నిజమే. కోపాన్ని ఎవరు వాడుకున్నారన్నదే నా ప్రశ్న. ఒక దేశ ప్రధాని ఎవరుండాలో డిస్కార్డ్ అనే గేమింగ్ యాప్‌లో ఓటింగ్ పెట్టారు. లింక్ దొరికితే ఎవడైనా దూరొచ్చు. నేపాల్‌లో ఉన్నాడా, నెబ్రాస్కాలో ఉన్నాడా ఎవరికి తెలుసు? పడింది కొన్ని వేల ఓట్లు. మూడు కోట్ల జనం ఉన్న దేశం అది. దీన్ని ప్రజాస్వామ్యం అంటారా?

సీతాఫల్‌మండి ఎక్స్‌ప్రెస్
15 సెప్టెంబర్, ఉదయం 8:42

ఈ పాయింట్ దగ్గర మీతోనే ఉన్నాను. ఆ ఓటింగ్‌కి ఏ విలువా లేదు. కానీ కార్కీ ప్రధాని అయింది ఆ ఓటింగ్ వల్లనే అనుకుంటే పొరపాటు. ఆర్మీ చీఫ్, రాష్ట్రపతి కూర్చుని మాట్లాడి తేల్చారు. రోడ్ల మీద కర్ఫ్యూ పెట్టింది సైన్యం. డిస్కార్డ్ ఒక పేరు సూచించింది, తుపాకీ ఉన్నవాళ్లు సరేనన్నారు. వాళ్లు కాదంటే ఆ సర్వర్‌లో లక్ష మంది అరిచినా పనయ్యేది కాదు.

డల్లాస్ గుంటూరు
15 సెప్టెంబర్, ఉదయం 9:20

అందరూ జోక్యం అనగానే బూతు మాటలా చూస్తున్నారు. నేనొకటి అడుగుతాను. 2011 మార్చిలో లిబియా పాలకుడు గద్దాఫీ ట్యాంకులు తిరుగుబాటుదారుల చేతిలో ఉన్న బెన్‌గాజీ శివార్లకు వచ్చాయి. “దయాదాక్షిణ్యాలుండవు” అని రేడియోలో చెప్పాడు. లోపల ఏడు లక్షల జనం. 1994లో రువాండాలో ప్రపంచం చూస్తూ ఊరుకుంది, ఏం జరిగిందో తెలుసు. 1995లో స్రెబ్రెనికాలో ఐరాస సైనికుల కళ్ల ముందే ఎనిమిది వేల మందిని చంపారు. అలాంటప్పుడు “వాళ్ల అంతర్గత వ్యవహారం” అని చేతులు కడుక్కోవడం నీతి అవుతుందా? విమర్శించడం సులువండీ. ఆ రాత్రి బెన్‌గాజీలో ఉన్నవాడిగా ఆలోచించండి.

టూల్‌కిట్ ట్రాకర్
15 సెప్టెంబర్, ఉదయం 9:26

అమెరికాలో ఏసీ గదిలో కూర్చుని బెన్‌గాజీ నీతులు… *(మిగతా భాగాన్ని మోడరేటర్ తొలగించారు)*

మోడరేటర్
15 సెప్టెంబర్, ఉదయం 9:41

ఎవరు ఏ ఊళ్లో, ఏ గదిలో కూర్చున్నారన్నది ఇక్కడ వాదన కాదు. డల్లాస్ గారి ప్రశ్న సరైన ప్రశ్నే. జవాబు ఉంటే రాయండి, లేకపోతే చదవండి.

పాత పేపర్
15 సెప్టెంబర్, మధ్యాహ్నం 1:15

డల్లాస్ గారి ప్రశ్నను తేలిగ్గా తీసుకోను. అందుకే కొంచెం పొడుగ్గా రాస్తున్నాను, ఓపిక పట్టండి.

మొదలు లోపలినుంచే. 1996లో ట్రిపోలీలోని అబూ సలీం జైల్లో సుమారు 1,200 మంది ఖైదీలను చంపారు. ఏళ్ల తరబడి వాళ్ల ఇళ్లకు కబురు కూడా పంపలేదు. అది తెలిశాక ఆ కుటుంబాలు బెన్‌గాజీలో వారం వారం ఫోటోలు పట్టుకుని నిలబడేవి. వాళ్ల లాయరు ఫతీ తెర్బిల్‌ను 2011 ఫిబ్రవరి 15న పట్టుకెళ్లారు. ఆ రాత్రే జనం పోలీసు ఆఫీసు ముందు చేరారు. దీన్ని ఏ ట్వీటూ పుట్టించలేదు. లిబియాలో అప్పటికి ఇంటర్నెట్ వాడేవాళ్లు నూటికి పదిహేను మంది కూడా లేరు.

తర్వాతి నెల రోజులు వార్తలు ఎలా వచ్చాయో నేను రోజూ చూశాను. ఫిబ్రవరి 21న గద్దాఫీ వెనిజులా పారిపోతున్నాడని ఫ్లాష్. చెప్పింది ఎవరో అనామకుడు కాదు, బ్రిటన్ విదేశాంగ మంత్రి విలియం హేగ్. అర్ధరాత్రి దాటాక గద్దాఫీ గొడుగు పట్టుకుని టీవీలో కనిపించి, నేను ట్రిపోలీలోనే ఉన్నా అన్నాడు. ఒకే రాత్రి హెడ్డింగు మార్చి మార్చి రాశాం. అదే రోజుల్లో నిరసనకారుల మీద యుద్ధవిమానాలతో బాంబులు వేస్తున్నారన్నారు. మార్చి 1న అమెరికా రక్షణ మంత్రి రాబర్ట్ గేట్స్‌ను విలేకరులు నేరుగా అడిగితే, పత్రికల్లో చూశాం గానీ ధ్రువీకరణ లేదన్నాడు. ఆఫ్రికా కిరాయి సైనికుల కథ ఇంకా దారుణం. ఫోన్ వీడియోల్లో నల్లవాడు కనిపిస్తే చాలు, కిరాయి సైనికుడే. ఆమ్నెస్టీ వాళ్లు వెళ్లి చూస్తే పట్టుబడినవాళ్లలో ఎక్కువమంది పనికోసం వచ్చిన వలస కూలీలు. ఈలోగా ఎంతమందిని కొట్టి చంపారో. మిస్రాతా పక్కన తవర్ఘా అనే ఊరుంది, నల్లజాతి లిబియన్లది, నలభై వేల జనాభా. గద్దాఫీ సైన్యానికి సాయం చేశారని ఊరు ఊరంతా వెళ్లగొట్టేశారు.

గద్దాఫీ మంచివాడని నేను అనట్లేదు. ఇల్లిల్లూ, సందు సందూ గాలిస్తానని ఫిబ్రవరి 22న అతను అరిచిన మాట నిజం. ఆ ఉపన్యాసాన్ని ఎవరో డ్యాన్స్ పాటగా మార్చి యూట్యూబ్‌లో పెడితే లక్షల మంది చూసి నవ్వుకున్నారు. విప్లవానికి సోషల్ మీడియా చేసిన సేవల్లో ఇదీ ఒకటి, రాసుకోండి.

మార్చి 17న భద్రతామండలి 1973 నంబరు తీర్మానం. పది దేశాలు అవునన్నాయి, ఐదు ఓటు వెయ్యలేదు: రష్యా, చైనా, జర్మనీ, బ్రెజిల్, ఇండియా. అక్కడ ఏం జరుగుతోందో నమ్మదగిన సమాచారం చాలా తక్కువ ఉందన్నది మనవాళ్లు చెప్పిన కారణాల్లో ఒకటి. పిరికితనం అని అప్పట్లో తిట్టారు గానీ, నా దృష్టిలో ఆ గదిలో అంతకంటే నిజాయితీ అయిన వాక్యం ఇంకొకటి వినపడలేదు.

తీర్మానం చెప్పింది పౌరుల్ని కాపాడమని. బెన్‌గాజీ ముందున్న ట్యాంకుల్ని మార్చి 19, 20 తేదీల్లోనే పేల్చేశారు. డల్లాస్ గారు అడిగిన రాత్రి అక్కడితో గడిచిపోయింది. మరి అక్టోబర్ 31 దాకా బాంబులు ఎందుకు? ఏప్రిల్ 10న ఆఫ్రికన్ యూనియన్ తరఫున దక్షిణాఫ్రికా అధ్యక్షుడు జాకబ్ జుమా వగైరా శాంతి ప్రతిపాదనతో ట్రిపోలీ వెళ్లారు. గద్దాఫీ సరేనన్నాడు, తిరుగుబాటుదారులు వద్దన్నారు. వెనక నాటో ఉన్నప్పుడు రాజీ ఎందుకు పడతారు? నేలమీద తమ సైనికులు వందల మంది ఉన్నారని గద్దాఫీ చనిపోయాక కతార్ సైన్యాధిపతి తానే చెప్పాడు. నిన్న అల్ జజీరా సంగతి గుర్తుపెట్టుకోమన్నది ఇందుకే. వార్త చెప్పేవాడూ యుద్ధంలో దిగినవాడూ ఒకే ఇంటివాళ్లు.

2016లో బ్రిటన్ పార్లమెంటు విదేశీ వ్యవహారాల కమిటీ దీనిమీద నివేదిక ఇచ్చింది. బెన్‌గాజీలో ఊచకోత జరిగి తీరుతుందన్న వాదనకు అప్పుడున్న ఆధారాలు సరిపోవని, పౌరరక్షణ కాస్తా ప్రభుత్వ మార్పిడిగా జారిపోయిందని రాసింది. ఒబామా అదే ఏడాది, గద్దాఫీ తర్వాత ఏంటన్నది ఆలోచించకపోవడం తన పాలనలో అతి పెద్ద తప్పు కావచ్చన్నాడు. ఆ తప్పు ధర లిబియాతో ఆగలేదు. గద్దాఫీ ఆయుధాలు సహారా దాటి 2012లో మాలీని తగలబెట్టాయి.

డల్లాస్ గుంటూరు
15 సెప్టెంబర్, మధ్యాహ్నం 1:52

మార్చి 20 తర్వాత ఆగిపోవాల్సిందన్న మాటతో నాకు పేచీ లేదు. కానీ ఆ కమిటీకి ఐదేళ్లు తీరిగ్గా కూర్చుని ఆధారాలు చూసే వీలుంది. మార్చి 17 రాత్రి ఎవరికీ ఆ వీలు లేదు. జోక్యం చేసుకోని సిరియా సంగతేంటి? అక్కడ లక్షల్లో చచ్చారు.

పాత పేపర్
15 సెప్టెంబర్, మధ్యాహ్నం 2:10

సిరియాలో ఎవరు జోక్యం చేసుకోలేదండీ? రష్యా, ఇరాన్, టర్కీ, అమెరికా, సౌదీ, కతార్… ఖాళీగా ఉన్నవాడు ఎవడు? అది జోక్యం లేని ఉదాహరణ కాదు, అందరూ చెయ్యి పెట్టిన ఉదాహరణ.

సీతాఫల్‌మండి ఎక్స్‌ప్రెస్
15 సెప్టెంబర్, మధ్యాహ్నం 2:38

సిరియా అంటే గుర్తొచ్చింది. “డమాస్కస్‌లో ఒక గే అమ్మాయి” అని 2011లో ఒక బ్లాగ్ ఉండేది. అమీనా అనే అమ్మాయి అధ్యక్షుడు అసద్ పోలీసుల మధ్య ధైర్యంగా బతుకుతున్న కథ. పెద్ద పెద్ద పత్రికలు ఆమె గురించి రాశాయి. జూన్‌లో ఆమెను కిడ్నాప్ చేశారని వార్త, ‘అమీనాను విడిచిపెట్టండి’ అని ప్రపంచమంతా క్యాంపెయిన్. తీరా చూస్తే అమీనా లేదు. స్కాట్లాండ్‌లో చదువుకుంటున్న టామ్ మెక్‌మాస్టర్ అనే నలభై ఏళ్ల అమెరికన్ మగాడు రాస్తున్నాడు. సీఐఏ కాదు, ఎవరూ డబ్బివ్వలేదు, వాడికదో సరదా. డమాస్కస్‌లో నిజంగా అలా బతుకుతున్నవాళ్లకు మాత్రం ప్రాణం మీదికొచ్చింది.

నా వృత్తి ఫేక్ అకౌంట్లు పట్టుకోవడం కాబట్టి చెప్తున్నా. అబద్ధం వెనక ప్రతిసారీ ఒక ప్రభుత్వం ఉండాల్సిన పనిలేదు. వినేవాళ్లు ఏం వినాలనుకుంటున్నారో పసిగట్టిన ఒక్కడు చాలు. 2009లో ఇరాన్‌ది “ట్విట్టర్ విప్లవం” అన్నారు కదా, ఆ ట్వీట్లలో బోలెడు ఇంగ్లీషులో, ఇరాన్ బయటినుంచి వచ్చినవే. ఆ నిరసనల మధ్య సైటు మెయింటెనెన్స్ వాయిదా వేసుకోమని అమెరికా విదేశాంగశాఖ ట్విట్టర్‌ను అడగడం కూడా నిజం. ఆ ఒక్క విన్నపం ఇరాన్ ప్రభుత్వానికి పండగైపోయింది. నిజంగా ఓటు కోసం రోడ్డెక్కినవాళ్లందరినీ విదేశీ ఏజెంట్లు అనడానికి సాకు దొరికింది.

విశాఖ కెరటం
15 సెప్టెంబర్, సాయంత్రం 6:30

ఈ చివరి పాయింట్ నాకు ముఖ్యం. బయటివాళ్ల సాయం ఉద్యమానికి ఎంత ఉపయోగమో తెలియదు గానీ, దాన్ని అణిచేవాడికి మాత్రం బాగా అక్కరకొస్తుంది.

మా ఊరి సంగతి చెప్తాను. 2017లో మెరీనా బీచ్‌లో జల్లికట్టు నిరసన చూసి, ప్రత్యేక హోదా కోసం జనవరి 26న ఆర్కే బీచ్‌లో మౌన నిరసన అని సోషల్ మీడియాలో పిలుపు వచ్చింది. ఫోన్లు మోగిపోయాయి. ఆ రోజు బీచ్ నిండా పోలీసులే. వచ్చినవాళ్లను వచ్చినట్టు ఎత్తుకెళ్లారు. ఇరవై ఒకటో మిఠాయి దుకాణం మాకు లేకపోయింది. చోటు, తేదీ, టైము అన్నీ ముందే పోస్టర్‌లో వేసి షేర్ చేస్తే పోలీసులూ చదువుతారు కదా.

కువైట్ కడప
15 సెప్టెంబర్, రాత్రి 8:05

గల్ఫ్ గురించి ఎవరూ మాట్లాడలేదు, నేను చెప్తా. 2011లో బహ్రెయిన్‌లో ఉన్నా నేను. ఫిబ్రవరి 15న పెర్ల్ రౌండ్‌అబౌట్ దగ్గర జనం గుడారాలు వేసినారు. మేం పనికి పోయే దారి అదే. అక్కడ సగం మందికి పైగా ఇంటర్నెట్ ఉంది, అందరి చేతుల్లో ఫోన్లే. మార్చి 14న సముద్రం మీది వంతెన దాటి సౌదీ సైన్యం దిగింది, ఎమిరేట్స్ పోలీసులూ వచ్చినారు. నాలుగు రోజుల్లో ఆ రౌండ్‌అబౌట్ మధ్యలో ఉండే ముత్యం స్తంభాన్నే పడగొట్టేసినారు. ఫేస్‌బుక్‌లో నిరసన ఫోటోలు పెట్టి మొహాల చుట్టూ ఎర్ర గీత గీసి, వీళ్లెవరో చెప్పండని అడిగేవాళ్లు. పట్టుబడినవాళ్ల ఉద్యోగాలు పోయినాయి.

ఇప్పుడు తేదీలు చూడండి. మార్చి 14న బహ్రెయిన్‌లో పరాయి సైన్యం దిగింది, జనాన్ని అణచను. మార్చి 17న లిబియా జనాన్ని కాపాడాలని న్యూయార్క్‌లో ఓటు. అమెరికా ఐదో నౌకాదళం ఉండేది బహ్రెయిన్‌లోనే. దాని గురించి ఒక్క తీర్మానం లేదు. అల్ జజీరా అరబిక్‌లో కూడా లిబియా మోత మోగింది, బహ్రెయిన్ కనపడలే.

టూల్‌కిట్ ట్రాకర్
15 సెప్టెంబర్, రాత్రి 8:22

అన్నా ఇది సూపర్. నేను మొదటినుంచి చెప్తున్నది ఇదే కదా.

ఓరుగల్లు స్వాతి
15 సెప్టెంబర్, రాత్రి 8:40

కాదండీ. మీరు చెప్తున్నది విదేశీ హస్తం తిరుగుబాట్లను పుట్టిస్తుందని. కడప అన్న చెప్పింది విదేశీ హస్తం తిరుగుబాటును చంపిందని. మీ లెక్కలో ఈ రెండోదానికి చోటే లేదు. బహ్రెయిన్‌లో సౌదీ సైన్యం, ఈజిప్టులో ముబారక్‌కు డాలర్లు, మయన్మార్ సైన్యానికి ఆయుధాలు, వీటి మీద ‘టూల్‌కిట్’ అని ఎవరూ పోస్టు పెట్టరు. రాజు దగ్గరికి వచ్చే విదేశీ డబ్బు సహాయం, జనం దగ్గరికి వచ్చేది కుట్ర.

నాకు అనుమానం ఉండాలి, రెండు వైపులా ఉండాలి. నేపాల్‌లో ఎవరైనా డబ్బు పెట్టారంటే ఎవరు, ఎవరికి, ఎప్పుడు, ఎంత అన్నది చూపించండి, నమ్ముతాను. ఓలీకి వచ్చిన ఏ దేశం సాయం గురించైనా అంతే గట్టిగా అడగండి.

టూల్‌కిట్ ట్రాకర్
15 సెప్టెంబర్, రాత్రి 8:58

గుట్టుగా చేసేవాడు రసీదు ఇస్తాడా మేడం? ఇరాన్ పత్రాలు రావడానికి అరవై ఏళ్లు పట్టింది.

ఓరుగల్లు స్వాతి
15 సెప్టెంబర్, రాత్రి 9:03

అరవై ఏళ్ల తర్వాత వచ్చే పత్రాన్ని ఇవాళే చదివినట్టు మాట్లాడితే ఎట్లా మరి?

రైల్వే న్యూ కాలనీ
15 సెప్టెంబర్, రాత్రి 9:05

😂😂

డల్లాస్ గుంటూరు
15 సెప్టెంబర్, రాత్రి 9:30

ఒక చిన్న పరీక్ష పెడతాను, దాటెయ్యకుండా జవాబు చెప్పండి. 2011 మార్చి 17. మీరు భద్రతామండలిలో ఇండియా కుర్చీలో ఉన్నారు. ఐదేళ్ల తర్వాత రాబోయే నివేదికలేవీ మీ దగ్గర లేవు. అవును, కాదు, దూరంగా ఉంటాం. ఏది? నేనైతే అవునంటాను, బెన్‌గాజీ గండం గడిచాక మళ్లీ మండలికి రావాలన్న షరతు రాయించాకే.

పాత పేపర్
15 సెప్టెంబర్, రాత్రి 9:48

షరతు రాయనివ్వరు సార్, “అవసరమైన అన్ని చర్యలూ” అన్న మాట కోసమే కదా ఆ తీర్మానం తెచ్చింది. దూరంగా ఉంటాను. మనవాళ్లు వేసిందే.

టూల్‌కిట్ ట్రాకర్
15 సెప్టెంబర్, రాత్రి 9:50

కాదు. రష్యా, చైనా ఆ రోజు వీటో వాడి ఉంటే కథ వేరేగా ఉండేది.

సీతాఫల్‌మండి ఎక్స్‌ప్రెస్
15 సెప్టెంబర్, రాత్రి 10:11

నిజం చెప్పాలంటే ఆ రాత్రి వచ్చిన వీడియోలు చూసి ఉంటే నేను అవుననేదాన్నే. ఇప్పుడు ఆ వీడియోలను ఒక్కొక్కటీ చెక్ చేయించి ఆ తర్వాతే చెప్తాను. అప్పటికి ఓటింగ్ అయిపోతుంది, తెలుసు.

ఓరుగల్లు స్వాతి
15 సెప్టెంబర్, రాత్రి 10:20

బహ్రెయిన్ పేరు కూడా అదే తీర్మానంలో రాస్తే అవునంటాను. రాయరని తెలుసు కాబట్టి దూరంగా ఉంటాను.

కువైట్ కడప
16 సెప్టెంబర్, తెల్లవారుజాము 4:45

మా బావ అప్పుడు లిబియాలో వెల్డరు. ఫిబ్రవరి ఆఖర్లో బెన్‌గాజీలో ఓడ ఎక్కించి అలెగ్జాండ్రియాలో దింపి, అక్కడినుంచి విమానంలో తెచ్చినారు. పదిహేను వేల మందికి పైగా మనోళ్లు అట్లా వచ్చినారు. ఓటు సంగతి మీరు చూసుకోండి సార్. ఆయన్ను అడిగితే నాలుగు నెలల జీతం బాకీ ఎవరిస్తారని అడుగుతాడు, కంపెనీ ఇప్పటికీ ఇవ్వలే.

మోడరేటర్
16 సెప్టెంబర్, ఉదయం 10:00

సిరియా మీద కొత్త చర్చ తెరిచాను, అక్కడ రాయండి. డల్లాస్ గారి ఓటింగ్‌కి ఇంకా జవాబు చెప్పనివాళ్లు ఇక్కడే చెప్పొచ్చు. విశాఖ కెరటం గారూ, మీ ఓటు ఇంకా పడలేదు.